మూడు గింజలు నావి

బంగాళాదుంపలు చల్లారితే సలాడ్ పాడవుతుంది. తొక్కతో ఉడికించి, పొగలు పోకముందే ఒలిచి, పల్చటి బిళ్ళలుగా కోసి, వాటి మీద కాగుతున్న మాంసం చారు పొయ్యాలి. అందుకే హైడ్రున్ ఒక్కో దుంపనీ ఫోర్కుకి గుచ్చి పట్టుకుని, వేళ్ళు చురుక్కుమంటున్నా ఆగకుండా ఒలుస్తోంది. బల్లకి అవతలి కొసన ఆమె భర్త ఓట్మార్ బాల్కనీ బొమ్మ గీస్తున్నాడు.

బాల్కనీ అతని వీపు వెనకే ఉంది. తల తిప్పితే కనబడుతుంది. అయినా ఉదయమంతా టేపు పట్టి కొలిచి, కొలతలన్నీ స్కేలుకి తగ్గించి, వెంట్రుకంత సన్నటి గీతల్లో దాన్ని కాగితం మీదికి తెచ్చాడు. నలభయ్యేళ్ళు వంతెనలు గీసిన చెయ్యి అది. ఇప్పుడు ఆ గీతల మధ్య, పచ్చటి ప్లాస్టిక్ మూసలో పెన్సిలు మొన దూర్చి, సున్నాలు చుడుతున్నాడు. గోడ వారన ఒక వరస, కటకటాల వారన ఇంకో వరస.

"ఆరు," అన్నాడు తృప్తిగా.

"ఏమిటారు?"

"కుండీలు. కొత్త చట్టం ప్రకారం గంజాయి మొక్కలు మనిషికి మూడు పెంచుకోవచ్చు. మనం ఇద్దరం. ఆరు." పెన్సిలు మొనతో ఒక్కో సున్నానీ తట్టాడు. "ఇది నీ తుంటికి. ఇది నీ నిద్రకి. ఇది రెండిటికీ, మధ్యరకం. ఈ నాలుగోది పొట్టిది, తొందరగా పూస్తుంది. మిగతావి తయారయ్యేలోపే నీ చేతికొస్తుంది. ఐదూ ఆరూ ఒకటే రకం. ఒకటి పోయినా ఒకటుంటుంది. మందంతా ఆడపువ్వులోనే ఉంటుంది, ఇవి అన్నీ ఆడమొక్కలే వచ్చేలా తయారు చేసిన గింజలు. ఎక్కడా అనుమానానికి చోటు లేదు."

"మరి నీకు?"

"నాకెందుకు? నాకేం నొప్పి? ఇదంతా నీ కోసమే కదా!"

నిజమే, ఇదంతా ఆమె కోసమే. చలికాలం నుంచీ కుడి తుంటి ఆమెని తెల్లారకముందే లేపేస్తోంది. డాక్టరు వయసన్నాడు. రాసిన మాత్రలు కడుపులో మంట పెట్టాయి. అప్పుడు ఓట్మార్ నడుం కట్టాడు. మందుల షాపావిడని అడిగాడు. తమ్ముణ్ణి అడిగాడు. ఇంటర్నెట్లో మొహం తెలియనివాళ్ళని అడిగాడు. వాళ్ళలో నార్వే ఆయనొకడు రోజూ జవాబు రాస్తాడు. తెలుసుకున్నదంతా ఎప్పటికప్పుడు వచ్చి హైడ్రున్‌కి చెప్పాడు. అందర్నీ అడిగాడు, ఆమెకి చెప్పాడు. ఈ తేడా ఆమెకి ఇంతవరకూ తట్టలేదు. ఇప్పుడు, చేతిలో దుంప చల్లారుతుండగా, ఎందుకో తట్టింది.

"అయితే ఇందులో మూడు నావా?" అంది.

"నీ పేర మూడు, నా పేర మూడు. లెక్కకి." ఓట్మార్ రబ్బరు పొట్టుని నోటితో ఊదాడు. "పొట్టు సలాడ్లో పడలేదుగా?"

"లేదు."

ఆమెకి కోపం రాలేదు. తన కోటు జేబులో చెయ్యి పెడితే ఇంకెవరివో తాళంచెవులు తగిలినట్టుంది, అంతే. తీసి బల్లమీద పెడితే పోతుంది. కానీ ఆ తాళాలు పెట్టినవాడు మంచివాడు. ఆమె చలికి ఓర్చుకోలేదని కోటు కొన్నవాడూ అతనే. అతని మంచితనంలో సందు వెతికి తన మాట ఒకటి దూర్చడం ఆమెకి ఎన్నడూ చేతకాలేదు. చేతకావాలని కూడా ఎన్నడూ అనిపించలేదు.

చారు దించి దుంపల మీద పోసింది. ఆవిరి మొహానికి కొట్టింది.

"కింద బోస్లర్ గారికి నువ్వే చెప్పాలి," అన్నాడు ఓట్మార్, రుచి చూడటానికి ఫోర్కు చాపుతూ. "వాసనొస్తుందని గొడవ చేస్తే కష్టం. ఆడవాళ్ళు ఆడవాళ్ళు మాట్లాడుకోండి."

*

ఆ వారం మెట్లు ఊడ్చే వంతు వాళ్ళది. వంతు పలక వాళ్ళ తలుపు గుబ్బకే వేలాడుతోంది. శనివారం పొద్దున్నే హైడ్రున్ బకెట్టు, తడిగుడ్డ కర్ర పట్టుకుని పైమెట్టు నుంచి మొదలుపెట్టింది. ఒక మెట్టు తుడవడం, తుంటికి చెయ్యి ఆనించుకుని ఒక మెట్టు దిగడం, మళ్ళీ తుడవడం. నెమ్మదైన పని. ఆమెకి ఇష్టమే. నిన్న మురికిగా ఉన్నది ఇవాళ మెరుస్తుంది, అందులో మోసమేమీ లేదు.

కింది వాటాలో ఉండే బోస్లర్ గారు తలుపు సందులోంచి తల బయట పెట్టింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. వేరేవాళ్ళు ఊడ్చిన మెట్లు తనిఖీ చెయ్యకపోతే ఆవిడకి కాఫీ దిగదు.

"మూలలు, అమ్మాయ్! మూలలు!"

"చూస్తున్నానండీ."

"మీ ఆయన బాల్కనీ కొలుస్తున్నాడుగా నిన్న. టేపు చప్పుడు వినబడింది. అద్దాలేమైనా బిగిస్తాడా?"

"కాదండీ. మొక్కలు."

"జెరేనియం పూలకుండీలకి టేపు దేనికే?"

హైడ్రున్ గుడ్డ పిండింది. ఎలా చెప్పాలో రాత్రే అనుకుంది గానీ, ఆ మాటలిప్పుడు బకెట్లో నీళ్ళలాగే మసకబారి ఉన్నాయి. "జెరేనియంలు కాదు. గంజాయి. నా తుంటి కోసమని."

బోస్లర్ గారు కళ్ళు చికిలించి ఆమె తుంటి కేసి చూసింది, దాన్నే సాక్ష్యం అడుగుతున్నట్టు. "టీవీలో చూశా. కంపు కొడుతుందటగా?"

"పూత మీద కొంచెం వస్తుందట. మీకు ఇబ్బందైతే..."

"ఇబ్బందా! ఇన్నేళ్ళుగా నువ్వు ఉడకబెట్టే క్యాబేజీ కంపు భరించలా? దానిముందు ఇదెంత?" ముసలావిడ గొంతులో కొంటెతనం. "ఒక్కటే మాట. చలి సోఫీ వెళ్ళేదాకా బయట పెట్టొద్దు. మే నెల కదా, వెచ్చగా ఉంది కదా అని తెలివైనవాళ్ళంతా మే నడిమిలో మంచు తెచ్చే సాధువుల పండగ రోజుల్ని మర్చిపోతారు. ఆఖరున సోఫీ వచ్చి అన్నీ మాడ్చి పోతుంది. మీ ఆయన అసలే తెలివైనవాడు."

పైనుంచి సీసాల గలగల వినబడింది. ఓట్మార్ ఖాళీ సీసాల సంచితో దిగుతున్నాడు, తడి మెట్ల మీద మునివేళ్ళతో నడుస్తూ. ఇద్దరి మొహాలూ చూసి, గొడవ లేదని కనిపెట్టి, వెలిగిపోయాడు. ఆ వెలుగులో అతనికి ఇంకో ఆలోచన వచ్చింది.

"బోస్లర్ గారూ, మీ పెరటి కిటికీకి ఎంత ఎండొస్తుందో! మీకూ మూడు మొక్కలుంటాయి, తెలుసా? మీరెలాగూ వెయ్యరు. ఆ కిటికీలో మూడు కుండీలు పెట్టామనుకోండి, నీళ్ళూ గీళ్ళూ అన్నీ నేనే..."

"ఏమన్నావూ?"

"మీకూ మూడుంటాయంటున్నా. ఎవరి ఇంట్లో వాళ్ళకి."

"నాకు మూడున్నాయా!" ముసలావిడ మొహం పండక్కి దీపం పెట్టినట్టయింది. "ఎవరూ చెప్పనే లేదే! నేను వెయ్యను."

"అదేగా నేననేది. మీరు వెయ్యరు గనక..."

"నేను వెయ్యను గనక నీకు రావు, నాయనా. నా మూడూ నావే. వేస్తే వేస్తా, లేకపోతే ఖాళీగా ఉంచుకుంటా. ఖాళీగా ఉన్నా నావే."

ఓట్మార్ నవ్వాడు. ముసలివాళ్ళ మొండితనానికి నవ్వే నవ్వు అది. "సరే సరే," అంటూ సీసాలు గలగలలాడించుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు.

బోస్లర్ గారు తలుపు వేసుకుంది. లోపల ఆవిడ తనలో తాను "మూడు" అనుకోవడం, ముక్కుతో నవ్వుకోవడం వినబడింది. హైడ్రున్ కర్ర ఆనుకుని నిలబడింది. ఆమెకి అరవయ్యేడేళ్ళు. 'ఖాళీగా ఉన్నా నావే' అనే వాక్యం ఒక మనిషి నోటివెంట రాగలదని ఆమెకి ఈ రోజే తెలిసింది. అంత తేలిగ్గా. తలుపు సందులోంచి, ఇంటి చెప్పులతో నిలబడి.

చివరి మెట్టు ఆమె రెండుసార్లు తుడిచింది.

*

సోమవారం ఇద్దరూ బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళారు. కోస్తాస్ దుకాణంలో ఒకప్పుడు రంగు చేపలు అమ్మేవారు. ఇప్పుడు ఎరువు బస్తాలు, దీపాలు, గోడ నిండా గింజల పొట్లాలు. మూలన రెండు చేపల తొట్లు మాత్రం మిగిలిపోయాయి. కోస్తాస్ మనసు వాటి మీదే ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ వెళ్ళి గాజు తట్టి వస్తుంటాడు.

ఓట్మార్ ఏమీ చూసుకోకుండా ఆరింటి పేర్లూ అప్పజెప్పాడు. కోస్తాస్ ఒక్కో పేరుకీ గోడ మీంచి ఒక్కో పొట్లం తీస్తున్నాడు. మూడోది తీసి నాలుగోదానికి చెయ్యి చాచాడు.

"మూడు చాలు," అంది హైడ్రున్.

కోస్తాస్ చెయ్యి గాల్లో ఆగింది.

"ఆయనకి మూడివ్వండి. నావి నేను చూసుకుంటాను."

రొట్టెల దుకాణంలో రెండు బ్రెట్సెల్‌లు అడిగినంత మామూలుగా వచ్చింది గొంతు. చెవులు మాత్రం వేడెక్కాయి. ఆమె ఓట్మార్ కేసి చూడలేదు. అతని చెయ్యి కోటు జేబులోకి పోయి టేపుని పట్టుకోవడం మాత్రం ఓరకంట కనబడింది.

"నీవి నేను చూశాగా, హైడే," అన్నాడు మెల్లగా. "ఒక్కోటీ చూశా. రెండు నెల్ల నుంచీ చూస్తున్నా."

"తెలుసు."

"మరి?"

కోస్తాస్ ఒకసారి ఈవిడ్నీ ఒకసారి ఆయన్నీ చూసి, గిరాకీ కన్నా మంచిదేదో దొరికినట్టు ముంజేతులు బల్లమీద ఆనించాడు. "సరే సార్, ఆరు కాదు, మూడు. ఏ మూడు ఉంచమంటారు?"

"అలా విడదీస్తే ఎలా? ఆరూ కలిపితేనే లెక్క కుదురుతుంది. ఒకటి తుంటికి, ఒకటి..."

"మేడంవి మేడం చూసుకుంటారట. మీకేం కావాలి?"

"నాకా? నాకేం నొప్పి లేదు."

"నొప్పి అడగలేదు సార్. మీకేది ఇష్టం?"

ఓట్మార్ మళ్ళీ గోడమీది పొట్లాల కేసి చూశాడు. హైడ్రున్‌కి అప్పుడు ఒక వింత సంగతి కనబడింది. అతను ఆమెని అడగలేదన్నది నిజమే. కానీ తనని తాను కూడా ఎప్పుడూ అడగలేదు. ఆరు సున్నాల్లో ఒక్కదానిలోనూ ఓట్మార్ లేడు. జాలేసింది. ఇప్పుడు వెనక్కి తగ్గడం ఎంతో సులువు. ఆమె వెనక్కి తగ్గకుండా, తిరిగి గోడ దగ్గరికి నడిచింది.

పొట్లాలన్నీ రంగురంగులుగా ఉన్నాయి. ప్రతిదాని మీదా మంచు చల్లినట్టు మెరిసే పూగుత్తి బొమ్మ, కింద ఒక హామీ. గాఢనిద్ర. మెత్తటి సాయంత్రం. కోత దాకా ఎలాంటి బెంగా లేదు. ఇంతమంది ఇన్ని మాటలివ్వడం ఆమెకి ఊపిరాడనట్టు అనిపించింది. అన్నిటికన్నా కింద, మోకాళ్ళ ఎత్తులో, గోధుమరంగు కాగితపు పొట్లాలు నాలుగైదు ఉన్నాయి. బొమ్మ లేదు. రబ్బరు ముద్ర మాత్రం ఉంది. తుంటి పట్టుకుని వంగి ఒకటి తీసింది. లోపల గింజలు ఇసకలా కదిలాయి.

"అదా!" అన్నాడు కోస్తాస్. "పాత కొండరకం మేడం. మామూలు గింజలు. ఆడో మగో గింజకే తెలీదు. ఎవరూ కొనరు."

"ఎంత ఎత్తు పెరుగుతుంది?"

"నడుం దాకా రావచ్చు. తల దాటిపోవచ్చు. దాని ఇష్టం."

"వాసన?"

"ఒక్కోదానిదీ ఒక్కోటి. ఒకటి మిరియాల్లా ఉంటుంది, ఒకటి నారింజ తొక్కలా. ఒకసారైతే అచ్చం గుర్రాల కొట్టం."

హైడ్రున్ నవ్వేసింది. ఓట్మార్ దగ్గరికొచ్చాడు.

"మగది మొలిస్తే? దాని పుప్పొడి రాలిందంటే పక్కవాటన్నిటికీ గింజ పట్టేస్తుంది. పువ్వంతా పొల్లే. నార్వే ఆయన చెప్పాడు, ఒక్క మగమొక్క చాలట..."

"పూసేముందే తెలుస్తుంది సార్," అన్నాడు కోస్తాస్. "కణుపుల దగ్గర చిన్న బుడిపెలు గుత్తిగా వస్తాయి. విచ్చుకునేలోపు చూసి పీకెయ్యాలి. రోజూ చూడాలి, అంతే."

"రోజూనా?"

"రోజూ."

"నేను చూస్తాను," అంది హైడ్రున్. ఆ మాట అన్నాకే తెలిసింది ఆమెకి తనకేం కావాలో. తుంటికి మందు కావాలి, నిజమే. కానీ దానికన్నా ముందు, పొద్దున లేచాక ఏమైందో చూడ్డానికి వెళ్ళే చోటొకటి కావాలి. ముందే తెలిసిపోయిన చోటు కాదు.

ఓట్మార్ చివరికి మూడు ఎంచాడు. "ఇది, ఇది, ఇంకా ఇది. తన తుంటికి పనికొస్తాయి," అన్నాడు కోస్తాస్‌తో, రహస్యం చెబుతున్నట్టు.

తిరుగు బస్సు నెకార్ నది వంతెన ఎక్కింది. ఆ వంతెన వచ్చినప్పుడల్లా దాని స్తంభాల గురించి ఒక తిట్టు తిట్టేవాడు. ఇవాళ తిట్టలేదు.

"కోపమా?" అంది.

"కాదు. ఆ కొండ గింజ నీ తుంటికి పని చెయ్యకపోతే?"

"పని చెయ్యని మొక్కొకటి నాకుంటుంది."

అతనికి ఆ మాటని ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియలేదు. "నాకర్థం కాలేదు," అన్నాడు.

"నాకూ పూర్తిగా కాలేదు," అంది హైడ్రున్. అది నిజం. బస్సు ఎండలోకి తిరిగింది. ఇద్దరి మోకాళ్ళ మధ్యా ఎరువు సంచి వెచ్చగా ఉంది.

*

ఆ సాయంత్రం ఆమె పొట్లం విప్పి తెల్ల సాసర్లో ఒంపింది. పది గింజలు. మిరియాల కన్నా చిన్నవి, కొన్ని బూడిదరంగు, కొన్ని ముదురు గోధుమరంగు మీద పులిచారల్లాంటి గీతలు. కళ్ళద్దాలు పెట్టుకుని, చూపుడువేలితో ఒక్కోదాన్నీ దొర్లించింది. రెండు ఆకుపచ్చగా, పచ్చిగా ఉన్నాయి, పక్కకి నెట్టింది. ఒకటి గోటితో నొక్కితే నలిగింది. మిగతావి గ్లాసు నీళ్ళలో వేసి చూసింది. ఒకటి తేలింది. మునిగినవాటిని తీసి గుడ్డమీద ఆరబెట్టి, మళ్ళీ దొర్లించింది. వాటిలో ఒకదానికి వీపు మీద తెల్లటి మచ్చ ఉంది, కామా గుర్తులా. అందమైనదేమీ కాదు. పెట్టి చూసింది, తీసింది, మళ్ళీ పెట్టింది. దీపం వెయ్యాల్సి వచ్చేదాకా ఆ సాసర్ దగ్గరే కూర్చుంది. చివరికి ఉంచిన మూడిట్లో మచ్చది కూడా ఉంది.

ఓట్మార్ తన పని నిమిషంలో ముగించాడు. సూప్ పళ్ళెంలో కిచెన్ పేపరు పరిచి, తన గట్టి పెన్సిలుతో సరిగ్గా నడిమికి గీత గీశాడు. గీతకి ఒకవైపు తన పేరులో మొదటి అక్షరం, రెండోవైపు ఆమెది. తర్వాత నీళ్ళు చిలకరించి, తన గింజలు పొట్లాల్లోంచి చూడకుండానే దులిపి, పట్టకారుతో సమదూరంలో పేర్చాడు. ఆమె మూడూ అంతే దూరంలో అవతలివైపు. పైన ఇంకో తడి పేపరు, దాని మీద బోర్లించిన పళ్ళెం. తీసుకెళ్ళి వంటింటి కిటికీ గట్టు మీద, ఇంటిని వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టాల పైన పెట్టాడు.

"భేషుగ్గా ఉంది," అన్నాడు. దుకాణంలో పోయిన వెలుగు అతని గొంతులోకి మళ్ళీ వచ్చింది.

గురువారం చలి సోఫీ రానే వచ్చింది. తెల్లారేసరికి ఎదుటి ద్రాక్షతోట వాలు మీద పాలు ఒలికినట్టు మంచు. పూత మాడిపోకుండా రైతులు తీగల మధ్య చిన్న చిన్న మంటలు పెట్టారు. గాల్లో పొగ వాసన. అయినా ఇంటికి గాలి పెట్టడం మానేది లేదు. మంచు పడ్డా, పిడుగు పడ్డా పొద్దున్నే ఇటు కిటికీలూ అటు కిటికీలూ బార్లా తెరిచి, గాలి ఈ చివర నుంచి ఆ చివరకి పోవాల్సిందే. ఓట్మార్ స్వెట్టరు మీద కోటు తొడుక్కుని కిటికీలన్నీ తెరిచాడు. గింజలకి చలి తగులుతుందని పళ్ళెం ఎత్తి ఆర్పిన పొయ్యి మీద పెట్టాడు. గట్టు తుడిచాడు. కిటికీలు మూశాడు. పళ్ళెం తెచ్చి మళ్ళీ గట్టు మీద పెట్టాడు. అప్పుడు, మొలకలొచ్చాయేమోనని మూత తీసి, పై పేపరు ఎత్తాడు.

ఆరూ మొలిచాయి. పెంకులు పగిలి తెల్లటి వేళ్ళు కొక్కేల్లా బయటికొచ్చాయి.

"హైడే! ఆరూ!" అని కేక పెట్టాడు. వెంటనే గొంతు మారింది. "ఇదేమిటి?"

పళ్ళెం గుండ్రం. నొక్కి గీసిన గీత తాలూకు గాడి సరిగ్గా నడిమికి. అటు మూడు, ఇటు మూడు, అన్నీ సమదూరం. తడిసిన పేపరు మీద పెన్సిలు అక్షరాలు మాత్రం లేవు. గట్టి సీసం అద్దిన మరక కూడా మిగల్లేదు.

"తీసినప్పుడు ఎటు తిప్పి పట్టుకున్నాను?" చేతులతో గాల్లో పళ్ళెం పట్టుకుని, కిటికీ నుంచి పొయ్యికీ, పొయ్యి నుంచి కిటికీకీ నడిచి చూశాడు. ఒకసారి కుడినుంచి తిరిగాడు, ఒకసారి ఎడమనుంచి. "నువ్వు చూశావా?"

"నేను పడగ్గదిలో దుప్పట్లు దులుపుతున్నా."

హైడ్రున్ వంగి చూసింది. కిటికీ వైపున్న సగంలో, విచ్చుకున్న ఒక పెంకు మీద తెల్లటి కామా ఉంది. దాని పక్క రెండూ పులిచారలవి. కళ్ళు మూసుకుని చెప్పగలదు. పెదవి కదిలింది. ఓట్మార్ అప్పటికే ఫోన్ వెతుక్కుంటున్నాడు.

"కోస్తాస్ గారూ, చిన్న సమస్య వచ్చింది..."

అవతల ఏమన్నాడో, ఓట్మార్ "అవునా... ఆకుల్ని బట్టి కూడానా... అంటే అన్నీనా?" అంటూ నిలువునా కుంగిపోయాడు. తర్వాత నార్వే ఆయనకి రాశాడు. తర్వాత తమ్ముడికి ఫోన్ చేశాడు. తమ్ముడు పగలబడి నవ్వడం గది ఇవతలికి వినబడింది. హైడ్రున్ పాత్రలు తోముతోంది. ప్రతి ఫోన్‌కీ ముందు, ఇప్పుడు తన వైపు తిరుగుతాడేమో అనుకుంది. తిరిగితే చెప్పేసేదే. ఆమెకి బాధ కలగలేదు. నురగలో చేతులు వెచ్చగా ఉన్నాయి. చిన్నప్పుడు దాగుడుమూతల్లో, వెతికేవాడు తన ముందునుంచే నడిచిపోతుంటే ఊపిరి బిగబట్టిన హాయి లాంటిదేదో లోపల మెదిలింది.

"ఏం చెయ్యలేమట," అన్నాడు ఓట్మార్ కుర్చీలో కూలబడి. "మూడింట్లో మగవి ఉండొచ్చు. ఏ మూడో తెలీదు. ఆరిట్నీ రోజూ చూడాలట."

"చూద్దాం," అంది హైడ్రున్.

మొలకల్ని చిన్న కుండీల్లోకి ఆమే మార్చింది, తన మూడూ ఎక్కడున్నాయో మనసులో గుర్తు పెట్టుకుని. మట్టిలో వేలితో గుంట చేసి, వేరు కిందికి ఉండేలా దించి, పైన పొడిమట్టి చల్లింది. ఓట్మార్ బొమ్మ తీసి, సున్నాల్లో రాసుకున్న పేర్లన్నీ రబ్బరుతో తుడిచేశాడు. జాగ్రత్తగా, ఒక్కోటీ.

*

సోఫీ వెళ్ళిన వారానికి ఎండ కుదురుకుంది. మొక్కలు బొటనవేలంత అయ్యాయి, ఒక్కోదానికీ రంపపు అంచుల ఆకులు రెండేసి. ఓట్మార్ బొమ్మ ప్రకారం బాల్కనీలో పెద్ద కుండీలు రెండు వరసల్లో నిలబెట్టి, తాడు కట్టి సూటిగా ఉన్నాయో లేదో చూసి, మొక్కల్ని వాటిలోకి మార్చారు.

"ఇప్పుడు పెట్టుకోండి!" అని కింద పెరట్లోంచి బోస్లర్ గారు అరిచింది. "సోఫీ పోయింది!"

"మీ మూడూ ఎలా ఉన్నాయండీ?" అని హైడ్రున్ కటకటాల మీంచి వంగింది.

"మహా ఏపుగా! ఒక్క ఆకు లేదు!" ముసలావిడ ఖాళీ కిటికీని గర్వంగా చూపించింది.

అప్పట్నుంచీ ఓట్మార్ రోజూ కాఫీ కప్పుతో బాల్కనీలోకి వస్తున్నాడు. బుడిపెలు కనబడ్డానికి ఇంకా వారాలు పడుతుందని తెలుసు. అయినా గీతలు గీసేటప్పుడు వాడే భూతద్దం తెచ్చి, స్టూలు మీద కూర్చుని, ఒక్కో మొక్క ముందూ వంగుతున్నాడు. ఒకదానికి కాడ ఊదారంగుకి తిరిగింది. ఒకటి ఎప్పుడూ ఎడమకే వాలుతుంది. అవన్నీ లోపలికొచ్చి ఆమెకి చెప్పేవాడు. నిన్నటి నుంచీ చెప్పడం లేదు. ఆమె కూడా వస్తే పక్కకి జరిగి, భూతద్దం అందిస్తున్నాడు.

ఆ ఉదయం ఇద్దరూ అలాగే కూర్చున్నారు. హైడ్రున్ వెన్న బ్రెట్సెల్ విరిచి సగం అతనికిచ్చింది. ఎండ ద్రాక్షతోట మీంచి దిగుతోంది. ఓట్మార్ నమలడం ఆపాడు.

"హైడే."

"ఊఁ."

"నీకు తెలుసా? ఏవి నీవో?"

ఆ ప్రశ్న ఆమె చెవుల్లోంచి నెమ్మదిగా లోపలికి దిగింది. ఇన్నాళ్ళూ జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. తీరా అడిగాక, తొందరేమీ లేదనిపించింది. బ్రెట్సెల్ మీది ఉప్పుగల్లు ఒకటి తీసి నోట్లో వేసుకుంది.

"తెలుసు," అంది.

ఓట్మార్ భూతద్దం మడిచాడు. "ఎప్పట్నుంచీ?"

"మూత తీసినప్పట్నుంచీ."

"కోస్తాస్‌కి ఫోన్ చేస్తుంటే కూడానా?"

"పక్కనే పాత్రలు తోముతున్నాగా."

"నార్వే ఆయనకి రాస్తుంటే?"

"అప్పుడు గిన్నెలు తుడుస్తున్నా."

అతని మొహంలో ఏదో ఒకటి వెనక్కి, ఆ రోజు పొద్దుటికి, అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి నడిచి వెళ్ళడం ఆమెకి కనబడింది. ఎక్కడిదాకా వెళ్ళిందో తెలియదు. తిరిగొచ్చేసరికి అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. జేబులోంచి బొమ్మ తీసి మోకాలి మీద పరిచాడు. ఖాళీ సున్నాలు ఆరు. పెన్సిలు తీశాడు. మొన తనవైపే ఉంది. దాన్ని ఒక క్షణం చూసి, తిప్పి, ఆమెకి అందించాడు.

హైడ్రున్ పెన్సిలు తీసుకుంది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. రాయడానికి వంగి, ఆగి, దాన్ని చెవి వెనక పెట్టుకుంది. లేచి, తుంటి సర్దుకుని, కటకటాల వరసలో నడిమి కుండీ దగ్గరికెళ్ళింది. ఊదా కాడ మొక్క. దాన్ని రెండు చేతులతో పట్టి, మెల్లగా కిర్రుమనిపిస్తూ, వరసలోంచి బయటికి లాగింది. ఎండ ముందుగా పడే చోటికి, తన కుర్చీ పక్కకి. తాడు పెట్టి కుదిర్చిన వరస వంకరైపోయింది.

ఓట్మార్ లేవబోయాడు. స్టూలు మీంచి సగం లేచి, చేతులు చాచి, అలాగే ఆగాడు.

మళ్ళీ కూర్చున్నాడు.

"ఇంకా రెండున్నాయి," అంది హైడ్రున్, నడుం నిటారు చేసుకుంటూ.